హిందూపురానికి ముందు సోమందేపల్లె

ఇచ్ఛాపురంలో మొదలైన నా సైకిల్ ప్రయాణం ఇరవై ఆరో రోజు సాయంత్రం సోమందేపల్లెలో ఆగింది. చేరవలసిన ఊరు హిందూపురం. అక్కడికి ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. రాష్ట్రం ఈశాన్యపు కొస నుంచి బయల్దేరి, వీలైనంత వరకు పెద్ద రోడ్లు వదిలేసి, ఊళ్ల మధ్య దారుల్లో పదిహేను వందల కిలోమీటర్లు తొక్కినవాడివి, ఆ కాస్తా తొక్కెయ్యక ఎందుకు ఆగావని తర్వాత చాలామంది అడిగారు. ఒక్క మాటలో చెబితే అది అలసటలా వినిపిస్తుంది. కానీ అలసట ఒక్కటే కాదు. ఎత్తు, గాలి, ఇనుము, నీళ్లు, మనసు అన్నీ కలిసి నన్నక్కడ ఆపాయి. ఒంటరిగా దూరం పోయేవాళ్లకు చివరి రోజులు ఎందుకు కష్టమో ఆ ఊళ్లోనే నాకు బాగా అర్థమైంది.

ముందు నేల సంగతి. నెల్లూరు నుంచి కడప, తాడిపత్రి మీదుగా నేను పెన్న ఒడ్డునో, దానికి దగ్గరగానో వచ్చాను. తర్వాత నదిని వదిలి ధర్మవరం, కొత్తచెరువు దారి పట్టాను. ఇక్కడ రోడ్డు చూడటానికి చదునుగానే ఉంటుంది. ఎర్ర నేల, గుండ్ల గుట్టలు, నీళ్లు లేని చెరువుల కట్టలు. కాలికి మాత్రం బరువు తెలుస్తూనే ఉంటుంది. అనంతపురం సముద్ర మట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం 620 మీటర్ల ఎత్తున ఉంది. కంటికి ఆనని ఈ తేడాను నది చెబుతుంది. నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం ప్రాంతం మీదుగా ఉత్తరానికి పారి, ఆ తర్వాతే తూర్పుకు తిరిగి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. నది ఉత్తరానికి పారే సీమలో దక్షిణానికి పోతున్నామంటే రోజంతా ఎగువకే పోతున్నట్టు. మధ్యలో పల్లం వచ్చినా దాని వెంటే మిట్ట వస్తుంది. పల్లంలో మిగిల్చుకున్న బలాన్ని ఆ మిట్ట తినేస్తుంది.

దీనికి గాలి తోడైంది. నేను ఆ సీమలోకి వచ్చింది జులై మొదట్లో. ముంగారు గాలులు పడమర, నైరుతి నుంచి వీచే కాలం. నేను పోతున్నదీ అటే. రామగిరి కొండల మీద గాలి మరలు ఊరికే పెట్టలేదు. ఎదురుగాలిలో సైకిల్ తొక్కడం ఎందుకంత కష్టమో చిన్న లెక్కతో తెలుస్తుంది. గాలి లేని రోజు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే ఛాతీకి తగిలే గాలి వేగం కూడా పదిహేనే. ఎదురుగా 20 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే తగిలేది 35. గాలి వెనక్కి నెట్టే బలం వేగం పెరిగినంతే పెరగదు, వర్గంలో పెరుగుతుంది. అంటే అదే వేగంతో పోవాలంటే గాలి ఒక్కటే అయిదు రెట్లకు పైగా అడ్డుపడుతుంది. గుంపుగా పోయేవాళ్లు వంతులేసుకుని ముందుంటారు, వెనకవాళ్లకు గాలి చాటు దొరుకుతుంది. ఒంటరివాడికి ఆ వంతు లేదు. ఆ రోజుల్లో నా వేగం గంటకు ఎనిమిది, తొమ్మిదికి పడిపోయింది. మిట్ట వస్తే దిగి నడిపించాను.

అయితే అదే గాలి ఆ నేల కరువుకు కూడా కారణమని గుర్తుంచుకోవాలి. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసేసి, ఇటు వచ్చేసరికి గాలిగా మిగులుతాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. రెండు వైపుల వానలకూ దూరమైన ఈ పీఠభూమికి ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. దారి పొడవునా చేలల్లో గొర్రు తోలుతున్నవాళ్లు, విత్తనం శెనక్కాయలు సిద్ధం చేసుకుని ఇంకో పదును వాన కోసం ఆకాశం చూస్తున్నవాళ్లు కనిపించారు. వాళ్లు చూసే మబ్బులను తీసుకుపోతున్న గాలే నన్ను వెనక్కి తోస్తున్నదని తెలిశాక దాన్ని తిట్టుకోవడం మానేశాను.

ఇక ఇనుము. నాది గేర్లు లేని మామూలు నల్ల సైకిల్. కావాలనే ఎంచుకున్నాను. దాని ట్యూబు, చైను, ఫ్రీవీల్ ఏ పల్లెలోనైనా దొరుకుతాయి, ఏ పంక్చర్ షాపులోనైనా బాగు చేస్తారు. ఈ రకం సైకిల్‌కు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 ఉంటాయి. మనిషి బరువు, క్యారియర్ మీది మూటల బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి ఆ లెక్క. చక్రం ఒకసారి తిరిగితే రెండు మీటర్లకు కొంచెం పైన పోతాం. పదిహేను వందల కిలోమీటర్లకు ఏడు లక్షల తిరుగుళ్లు. ప్రతి తిరుగుడులోనూ ప్రతి పుల్ల కిందికి వచ్చినప్పుడు కాస్త వదులై, పైకి పోయేటప్పుడు మళ్లీ బిగుసుకుంటుంది. తీగను ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగినట్టే, పుల్ల కూడా లోలోపల అలసి ఒక రోజు తెగుతుంది. అది మొదటి వారంలో తెగదు. అందరూ ఇక అయిపోయిందనుకునే చివరి వారంలోనే తెగుతుంది.

నాకూ అదే జరిగింది, తప్పు నాదే. ధర్మవరంలో వెనక చక్రం కొంచెం అల్లాడుతోందని కనిపించింది. రెండు పుల్లలు వదులయ్యాయి. అరగంట కూర్చుని బిగించుకుంటే సరిపోయేది. మూడు రోజుల దారే కదా అని బయల్దేరాను. మర్నాడు కొత్తచెరువు దాటి పెనుకొండ వైపు వస్తుండగా ఒకటి, గంటలోపే ఇంకొకటి తెగాయి. రెండూ ఫ్రీవీల్ వైపువే. ఆ పక్క పుల్లల మీద లాగుడు ఎక్కువ. పైగా ఫ్రీవీల్ విప్పితే తప్ప కొత్తవి వేయడానికి రాదు. సైకిల్‌ను నడిపించుకుంటూ ఒక పల్లెలో షాపు పట్టుకున్నాను. ఆ పెద్దాయన చక్రాన్ని గాల్లో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, పుల్లలను ఒక్కొక్కటే వేలితో మీటి విన్నాడు. "ఒగటి పోతే దాని బరువు పక్క పుల్లలు మోస్తాయప్పా. మోసి మోసి అవీ పోతాయి. వదులైనప్పుడే చూసుకోవాల," అన్నాడు. రెండు పుల్లలు వేసి, మిగతావన్నీ సరిచేసి, చైను కూడా చూశాడు. చైను సాగిందంటాం గానీ ఇనుము సాగదు. లింకుల మధ్య పిన్నులు అరుగుతాయి, ప్రతి పిన్ను దగ్గర వెంట్రుకంత ఖాళీ వచ్చి అన్నీ కలిసి పొడవు పెరుగుతుంది. పన్నెండు అంగుళాల కొత్త చైను మీద అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే మార్చాల్సిందే. నాది ఆ గీతకు దగ్గరగా వచ్చింది. హిందూపురం దాకా వస్తుంది, అయితే మిట్టల్లో నిలబడి తొక్కొద్దన్నాడు.

టైర్లకు ఇక్కడ ఇంకో గండం ఉంది, పల్లేరు కాయలు. రోడ్డు అంచున నేలకు అతుక్కుని పాకే ఆ తీగ చిన్న పసుపు పూలతో చూడముచ్చటగా ఉంటుంది. దాని కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. లారీకి దారివ్వడానికి రోడ్డు దిగితే చాలు, ట్యూబులో దిగుతుంది. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా పొడవు, అది పాత టైరును నేరుగా చీల్చుకుని పోతుంది. కొత్త టైరయితే కొన్నిటినైనా ఆపుతుంది. ఇరవై ఆరు రోజులు అరిగిన టైరు ఆపలేదు. చివరి మూడు రోజుల్లో నాలుగు పంక్చర్లయ్యాయి. అంతకు ముందు మొత్తం కలిపి మూడే.

ఒంటి సంగతి చెప్పేటప్పుడు నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి. కోస్తాలో తొక్కుతుంటే చెమట కారి చొక్కా పిండుకునేట్టు అవుతుంది, దాహం దానంతటదే గుర్తొస్తుంది. ఈ పొడిగాలిలో చెమట పట్టినట్టే ఉండదు, పట్టిన క్షణమే ఆరిపోతుంది. సాయంత్రం చొక్కా మీద తెల్లటి ఉప్పు గీతలు చూసినప్పుడే ఎంత పోయిందో తెలుస్తుంది. అందుకే దాహంతో పని లేకుండా గడియారం చూసి తాగాలి. గంటకు లీటరుకు తక్కువ కాకుండా పెట్టుకున్నాను. అనంతపురం సీమలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి ఊరూరా ఉన్న నీళ్ల ప్లాంట్లలోనే సీసాలు నింపుకున్నాను. తిండికి పొద్దున ఉగ్గాని. నానబెట్టి పిండిన బొరుగులు, పప్పుల పొడి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పక్కన మిరపకాయ బజ్జీ. తేలిగ్గా అరుగుతుంది, ఉప్పు ఉంటుంది, గంటలోపే కాళ్లకు అందుతుంది. సైకిల్ మీద పోయేవాడికి ఇంతకన్నా మంచి పొద్దుటి తిండి మన రాష్ట్రంలో ఇంకెక్కడా నాకు దొరకలేదు. మధ్యాహ్నం ఎక్కడ దొరికితే అక్కడ సంగటి, ఊరిబిండి. అది తిన్నాక రెండు గంటలు చెట్టు కింద పడుకోవాలి, లేకపోతే బరువు తెలుస్తుంది. అప్పటికి నా రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. వారాల తరబడి హ్యాండిల్ మీద అరచేయి అంచు ఆనితే మణికట్టు దగ్గర నరం నలిగి అలా అవుతుంది. బ్రేకు పట్టేటప్పుడు పట్టు ఎంత బిగిసిందో సరిగ్గా తెలియదు.

ఇన్నీ ఒక ఎత్తు, మనసు ఒక్కటీ ఒక ఎత్తు. జర్మన్ శరీరశాస్త్రవేత్త ఉల్మర్ 1996లో ఒక ఆలోచన చెప్పాడు. దూరం పోయే మనిషి మెదడు గమ్యం ఎక్కడుందో ముందే లెక్కవేసుకుని, దానికి సరిపడా బలాన్ని పంచిపెడుతుందట. కొంత దాచి ఉంచుతుంది. గమ్యం దగ్గరపడుతోందని తెలియగానే దాచిందాన్ని వదులుతుంది. పరుగు పందెంలో చివరి రెండు వందల మీటర్లలో అలసినవాడు కూడా ఒక్కసారి దూసుకుపోవడం మనం చూస్తూనే ఉంటాం. పందెంలో అది మేలే చేస్తుంది. నెలరోజుల ప్రయాణంలో ఆ దాచిన బలానికి వేసిన కట్ట మూడు రోజుల ముందే తెగుతుందని నా అనుభవం. పెనుకొండ కొండ దూరం నుంచే కనిపించింది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజ్యానికి రాజధాని అయిన కొండ అది, నాలుగు దిక్కులా కనబడేట్టే ఉంటుంది. కనిపించింది కాబట్టి చేరిపోయామనిపించింది. రెండు గంటలు తొక్కినా అది అక్కడే ఉంది. ఆ రెండు గంటల్లోనే నేను నీళ్లు తాగడం మరిచాను, గుంట చూడకుండా పోయాను, పుల్లలు తెంచుకున్నాను.

తోడు ఉంటే ఎవరో ఒకరు ఆపుతారు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పారశీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచ యాత్రకు బయల్దేరితే, 1928లో చుట్టి వచ్చినవాళ్లు ముగ్గురు: ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా. ముగ్గురు జారిపోయినా మిగతావాళ్లు ఒకరినొకరు నిలబెట్టుకున్నారు. ఒంటరివాడు ఆగాలా, పోవాలా అన్నది రోజుకు వందసార్లు తనే తేల్చుకోవాలి. ఈ అనంతపురం నుంచే వెళ్లి సమీరా ఖాన్ ఒంటరిగా సైకిల్ మీద దేశాలు తిరిగింది. ఆమె గురించి విన్నప్పుడు ఎక్కిన కొండలు, దాటిన సరిహద్దుల కన్నా, ఏ సాయంత్రం ఎక్కడ ఆగాలో తనొక్కతే తేల్చుకుంటూ పోయిన ఆ ఓపికే నాకు పెద్దదిగా కనిపించింది.

పెనుకొండ నుంచి సోమందేపల్లె దాకా 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. నున్నటి రోడ్డు, పల్లేరు లేదు, గుంటలు లేవు. పొద్దు వాలుతోంది కాబట్టి ఆ రోజు దాని మీదికి ఎక్కాను. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ తెరిచాక ఈ దారిన కార్లు మోసే పొడవాటి లారీలు తిరుగుతుంటాయి. అలాంటి లారీ పక్కనుంచి పోతే ముందు గాలి బయటికి తోస్తుంది, అది దాటగానే లోపలికి లాగుతుంది. తాజా ఒంటితో ఉన్నవాడు హ్యాండిల్‌ను సరిచేసుకుంటాడు. వేళ్లు తిమ్మిరెక్కి, కళ్లు మండుతూ, సరిచేసిన చక్రం మీద ఇంకా నమ్మకం కుదరనివాడికి ఆ రెండు క్షణాలు చాలా ఎక్కువ. మూడో లారీకి నేను తెల్ల గీత దాటి మట్టిలోకి దిగిపోయాను. పడలేదు. కానీ సోమందేపల్లె చేరేసరికి చేతులు వణుకుతున్నాయి.

ఊళ్లో టీ కొట్టు బల్ల మీద కూర్చుని లెక్క వేశాను. వెలుతురు ఇంకో గంట. ఎదురుగాలిలో ముప్పై కిలోమీటర్లంటే మూడు గంటల పైన. చీకట్లో రెండు గంటలు, వెనక దీపం లేని సైకిల్. టీ పోస్తున్న అమ్మ నా మూటల వైపు చూసి, "యాడికి నాయనా?" అంది. హిందూపురం అన్నాను. "పొద్దున పోతే గాలుండదు కదా," అంది. ఆమె చెప్పింది నిజం. పగలు నేల కాగి, దాని మీది గాలి పైకి లేస్తుంటే పైనున్న బలమైన గాలి కిందికి కలుస్తుంది. అందుకే పది దాటాక గాలి లేచి సాయంత్రం దాకా వీస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక కింద గాలి నెమ్మదిస్తుంది. పొలం పనులకు తెల్లారకముందే లేచేవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పడుకునే ముందు చక్రాన్ని తిప్పి, ఆ పెద్దాయన చేసినట్టే పుల్లలను మీటి విన్నాను. ఒకటి కాస్త మొద్దుగా పలికితే బిగించాను. టైర్లలో ఇరుక్కున్న ముళ్లు వేళ్లతో తడిమి తీశాను. అయిదున్నరకు బయల్దేరితే దారి పక్క మల్బరీ తోటల్లో ఆకులు కదలడం లేదు. చాలాచోట్ల గొర్రులు అప్పటికే సాళ్లలో ఉన్నాయి. ఎనిమిది కాకముందే హిందూపురం వచ్చింది.