కాంటెస్సాకు ఏ ఇంజను?

తొలినాళ్ల కాంటెస్సా బానెట్ ఎత్తి మొదటిసారి లోపలికి తొంగిచూసినవాళ్లు కాస్త నిరాశపడతారు. బయట నాలుగు హెడ్‌లైట్లు, బారెడు బానెట్, వెడల్పాటి ఒళ్లు. మన దేశంలో మజిల్ కార్ అనిపించుకున్న బండి ఏదైనా ఉందంటే ఇదే. లోపల మాత్రం అంబాసిడర్ ఇంజను: 1489 సీసీ, సుమారు 50 హార్స్ పవర్. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఈ పొంతన లేని కాపురానికి ఒక చరిత్ర ఉంది. కాంటెస్సా బాడీ బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ 1972లో తెచ్చిన విక్టర్ కారుది. అక్కడ అదే బాడీలో 1759 సీసీ ఇంజను మొదలుకొని 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను దాకా పెట్టి అమ్మారు. 1978లో అక్కడ ఆ మోడల్ ఆగిపోయాక, హిందుస్థాన్ మోటార్స్ దాని అచ్చులు కొని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాకు తెచ్చుకుంది. 1984లో కారు మార్కెట్లోకి వచ్చింది. కొత్త ఇంజను తయారుచేసుకునే స్తోమతు, విదేశాల నుంచి తెచ్చుకునే వెసులుబాటు అప్పట్లో తక్కువ. చేతిలో ఉన్నది అంబాసిడర్‌ది, అదే పెట్టారు. టన్నుకు పైబడిన బండిని ఆ 50 గుర్రాలు ఎంత ఆపసోపాలు పడి లాగేవో, ఏసీ వేసుకుని మాచర్ల వైపు ఎగువ రోడ్డెక్కినవాళ్లకే తెలుసు.

అలాగని ఆ ఇంజనును తక్కువ చేసి చూడకూడదు. దాని వంశం గొప్పది. ఇంగ్లండులో ఆస్టిన్ కంపెనీ 1947లో మొదలుపెట్టిన బి-సిరీస్ కుటుంబం అది. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. ఇదే 1489 సీసీ బ్లాకు 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ ఉంది. అందులో అది 70 హార్స్ పవర్ దరిదాపుల్లో ఇచ్చింది. ఒకే బోరు, ఒకే స్ట్రోకు. ఇరవై గుర్రాల తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

గాలి నుంచి. పెట్రోలు ఇంజను చేసే పని మొత్తం గాలి లెక్కే. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి సిలిండర్ల నిండా గాలి పీలుస్తుంది. 1489 సీసీ ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, సిలిండర్లు పూర్తిగా నిండితే, నిమిషానికి సుమారు 2,230 లీటర్ల గాలి లోపలికి పోతుంది. పెట్రోలు ఆ గాలికి తగ్గట్టే కలుస్తుంది. ఎక్కువ గాలి పోవాలంటే ఇంజను పెద్దదైనా కావాలి, వేగంగానైనా తిరగాలి, లేదా దారి సుళువవ్వాలి. ఎంజీఏలో రెండు కార్బొరేటర్లు పెట్టారు, వాల్వులు ఎక్కువ సేపు తెరుచుకునే క్యామ్ పెట్టారు, కంప్రెషన్ పెంచారు, 5,500 చుట్ల దాకా తిరగనిచ్చారు. బి-సిరీస్ హెడ్డులో సిలిండర్లు రెండేసి కలిసి ఒకే ఇన్‌లెట్ రంధ్రం పంచుకుంటాయి. పొడవాటి మానిఫోల్డు, ఒకే కార్బొరేటరు ఉంటే పక్కపక్క సిలిండర్లు ఒకదాని వాటా ఒకటి లాక్కుంటాయి. రెండు కార్బొరేటర్లు ఆ తగవును చాలావరకు తీర్చాయి.

ఇప్పుడు మన పల్నాడులోని పిడుగురాళ్లకు వద్దాం. ఇక్కడ 1489 సీసీ కాంటెస్సాను రోజూ తీసే మనిషికి ఎంజీఏ క్యామ్ అక్కర్లేదు. తక్కువ చుట్లలో బలం తగ్గి, పై చుట్లలో మాత్రమే లాగే ఇంజను సున్నపురాయి లారీల వెనక రెండో గేరులో నడిచేవాడికి ఎందుకు? కావలసింది కింది చుట్లలో నమ్మకమైన లాగుడు, ఎండలో వేడెక్కని ఒళ్లు. అందుకే ఇంజను మార్చే మాట ఎత్తకముందు హెడ్డు ఊడదీయించమంటాను.

హెడ్డు తీశాక బ్లాకులో సిలిండర్ల చుట్టూ ఉన్న నీటి గదుల్లోకి టార్చి వేసి చూడండి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండి అయితే, గోడలకు బూడిదరంగు కలిసిన తెల్లని పెచ్చు కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో గీస్తే సుద్దలా రాలుతుంది. దాని మీద కాస్త వెనిగర్ వేస్తే బుసబుస పొంగుతుంది. అది తుప్పు కాదు, కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయే. పల్నాడు నేల కింద పరుచుకున్న సున్నపురాతి పొరల గుండా దిగిన వాననీరు కొంత రాయిని కరిగించుకుని బైకార్బొనేటుగా మోసుకొస్తుంది. ఆ నీళ్లు వేడెక్కగానే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి రాయి మళ్లీ పేరుకుంటుంది. పిడుగురాళ్ల బట్టీల్లో సుమారు 900 డిగ్రీల దగ్గర కాల్చి సున్నం చేసేదీ ఈ కాల్షియం కార్బొనేటునే. బట్టీలో విరగ్గొట్టేదాన్ని రేడియేటర్లో మనమే పేరుస్తున్నామన్నమాట.

ఆ పెచ్చు ఇనుములో పదోవంతు వేడిని కూడా సరిగ్గా పోనివ్వదు. పెచ్చు పట్టిన చోట సిలిండరు గోడ లోపల్నుంచి కాలుతుంది, నీళ్లకు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. హెడ్డు గాస్కెట్ పోతుంది, మెకానిక్ కొత్త గాస్కెట్ వేస్తాడు, మే నెలలో మళ్లీ పోతుంది. దీనికి చాలామంది చేసే వైద్యం థర్మోస్టాటు పీకి పారేయడం. థర్మోస్టాటు రోగం కాదు, రోగానికి సాక్షి. థర్మోస్టాటు లేని ఇంజను శీతాకాలం ఉదయాలు చల్లగానే పరిగెత్తి పెట్రోలు తాగుతుంది, రింగులు అరుగుతాయి, ఎండాకాలం ఉడుకు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి మొదటి ఖర్చు ఇది: బ్లాకు కడిగించడం, రేడియేటరు కోరు తీసి శుభ్రం చేయించడం లేదా కొత్త కోరు వేయించడం, వాటర్ పంపు చూసుకోవడం, ఆపై డిస్టిల్డ్ వాటరులో కూలెంట్ కలిపి పోయడం. బోరు నీళ్లు ఇక వద్దు.

గాలి సంగతీ అంతే. బట్టీల దగ్గర ఎగిరే సున్నపు ధూళి ఫిల్టరును తొందరగా కప్పేస్తుంది. అందులోని సున్నం తేమ తగిలితే అల్యూమినియాన్ని తింటుంది కూడా. రెండు కార్బొరేటర్ల కల కనేవాళ్లు ముందు నెలకోసారి ఫిల్టరు విప్పి చూసే అలవాటు చేసుకోవాలి. ఊపిరాడని ఇంజనుకు ఎన్ని కార్బొరేటర్లు పెట్టినా ఒరిగేది లేదు.

హెడ్డు ఎలాగూ బయట ఉంది కాబట్టి అక్కడే ఇంకో రెండు పనులు కానివ్వాలి. ఒకటి వాల్వు సీట్లు. సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టిన ఇంజను ఇది. ఆ సీసం ఎగ్జాస్టు వాల్వుకు, సీటుకు మధ్య మెత్తటి పొరలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. గట్టి సీట్లు లేత్ షాపులో ఎక్కించుకుంటే ట్యాపెట్లు ఊరికే బిగుసుకుపోవడం ఆగుతుంది. రెండు, హెడ్డు కాస్త స్కిమ్మింగ్ చేయించి కంప్రెషన్ పెంచుకోవడం. 7 రెట్ల నుంచి 8 రెట్లకు పోతే సిద్ధాంతం ప్రకారం అదే పెట్రోలుకు నాలుగు శాతం పైచిలుకు పని ఎక్కువ దక్కుతుంది. వినడానికి చిన్నదే, నిలబడే లాభం. మరీ ఎక్కువ కోయిస్తే మాత్రం వాల్వు గ్యాప్ మారి పుష్‌రాడ్లు సరిపోవు, నాకింగ్ మొదలవుతుంది.

పెట్రోలు మారిన సంగతి మరవకూడదు. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరుకు పడదు. పైపులు, పంపు డయాఫ్రం ఉబ్బుతాయి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం పలచబడి వాల్వులు మరింత కాలుతాయి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించండి. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే పొద్దున్నే స్టార్టింగ్ బాధ తీరుతుంది. ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చేవాటిలో ఇదొకటి.

ఇంత చేశాక కూడా చాలకపోతే? ఆ ప్రశ్నకు కంపెనీయే జవాబు చెప్పింది. జపాన్ ఇసుజుతో కలిసి, 1980ల చివరికల్లా కాంటెస్సాలో 1817 సీసీ ఇంజను పెట్టింది. 84 మిల్లీమీటర్ల బోరు, 82 స్ట్రోకు, క్యామ్ హెడ్డులోనే, ఐదు గేర్లు, ఎనభై దాటిన హార్స్ పవర్. బారెడు స్ట్రోకున్న పాత ఇంజను కన్నా ఇది సులువుగా తిరుగుతుంది. ఆ బాడీకి ఇన్నాళ్లకు ఈడైన జోడీ దొరికింది. తర్వాత 2 లీటర్ల ఇసుజు డీజిలూ వచ్చింది. 2002లో కాంటెస్సా ఆగిపోయింది. అదే ఇసుజు 2016 ఏప్రిల్‌లో మన శ్రీసిటీలో సొంత కార్ఖానా తెరిచింది, కానీ అక్కడ తయారయ్యేవి వేరే బళ్లు. ఈ పాత ఇంజనుకు సామాను కావాలంటే విజయవాడ ఆటోనగర్లో గాలించాల్సిందే.

పాత బండిలోంచి తీసిన ఇసుజు ఇంజను దొరికితే గేరుబాక్సుతో సహా కొనండి. విడిగా ఇంజను కొంటే మౌంటింగులు, క్లచ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు అన్నీ మళ్లీ వెతుక్కోవాలి. అసలు ఖర్చు అక్కడే తడిసి మోపెడవుతుంది. బ్రేకుల ఖర్చూ అందులో రాసుకోండి. 60లో పోయే బండి 80లో పోతే ఆపడానికి మింగాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది.

ఇక కాగితాలు. ఆర్‌సీలో ఇంజను నంబరూ ఉంటుంది, సీసీ కూడా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు కాబట్టి, మార్పు దాచి నెట్టుకురావడం కుదరదు. ఏదో విదేశీ కారు ఇంజను ఎక్కించిన కాంటెస్సాలు వీడియోల్లో బాగానే ఉరుముతాయి. రెన్యువల్ రోజున, లేదా ప్రమాదం జరిగి బీమా అడిగిన రోజున ఆ ఉరుము పనికిరాదు.

అందుకే నా తీర్పు ఇది. ఆర్‌సీలో ఇసుజు అని ఉన్న కాంటెస్సా అయితే ఆ ఇంజనునే బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించుకోండి. 1489 సీసీ అయితే నీళ్లు, గాలి, హెడ్డు, ఇగ్నిషన్, ఈ వరసలో డబ్బు పెట్టండి. అప్పటికీ మనసు ఇసుజు మీదే ఉంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకోండి.