టార్పెడోకు ఎర వేసే మాయలేడి ‘మారీచ్’

1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూ తీరానికి సమీపంలో భారత యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడోకు గురై మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు వీరమరణం పొందారు. లక్ష్యాన్ని తానే వెతుక్కుంటూ వచ్చే ఇటువంటి ఆయుధం నుంచి నౌకను కాపాడుకునే మార్గాలలో ఒకటి, దానిని మోసగించడం.

నీటిలో కాంతి, రేడియో తరంగాలు ఎక్కువ దూరం సాగవు. ధ్వని మాత్రం కిలోమీటర్ల కొద్దీ ప్రయాణిస్తుంది. అందుకే టార్పెడోకు చెవులే కళ్లు. కొన్ని టార్పెడోలు నౌక ప్రొపెల్లర్ల చప్పుడును విని అటువైపు మళ్లుతాయి. మరికొన్ని తామే ధ్వని తరంగాలను పంపి, నౌకను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి నిర్ణయించుకుంటాయి.

1943లో జర్మనీ ధ్వనిని అనుసరించే టార్పెడోలను ప్రయోగించినప్పుడు, మిత్రరాజ్యాల నౌకలు ‘ఫాక్సర్’ అనే పరికరాన్ని వెనుక లాగుతూ ప్రయాణించాయి. నౌకను మించి చప్పుడు చేసి టార్పెడోను తనవైపు తిప్పుకోవడం దాని పని. అయితే ఆ రొదలో నౌకలోని సోనార్‌కు కూడా శత్రు జలాంతర్గామి జాడ సరిగా వినిపించేది కాదు.

తరువాతి కాలంలో టార్పెడోలు మరింత తెలివి సంతరించుకున్నాయి. దగ్గరవుతున్న రైలు కూత ఒకలా, దూరమవుతున్నప్పుడు మరోలా వినిపించినట్లే, ప్రతిధ్వనిలోని మార్పును బట్టి లక్ష్యం కదులుతోందో లేదో అవి గుర్తించగలవు. ఒకే చోట నిలిచి శబ్దం చేసే ఎర వాటిని ఎక్కువసేపు నమ్మించలేదు. ఈ కారణంగానే సొంత మోటారుతో ఈదుతూ, నౌక చప్పుడును, ప్రతిధ్వనిని అనుకరించే స్వయంచాలిత ఎరలు రూపుదిద్దుకున్నాయి. టార్పెడోలోని శక్తి నిండుకునే వరకు దానిని నౌకకు దూరంగా నడిపించడమే వాటి లక్ష్యం.

భారత్ ఈ రంగంలో రూపొందించిన వ్యవస్థ ‘మారీచ్’. రామాయణంలో బంగారు లేడి రూపంలో రాముణ్ణి పర్ణశాలకు దూరంగా తీసుకెళ్లిన మారీచుని తలపించే పేరు ఇది. డీఆర్‌డీఓకు చెందిన విశాఖపట్నంలోని నౌకా విజ్ఞాన, సాంకేతిక ప్రయోగశాల, కొచ్చిలోని నౌకా భౌతిక, సముద్ర విజ్ఞాన ప్రయోగశాల దీనిని అభివృద్ధి చేశాయి. నౌక వెనుక సాగే శ్రవణ పరికరాలు టార్పెడో రాకను పసిగడతాయి. అనంతరం నౌక లాగే ఎర, నీటిలోకి ప్రయోగించే ఎరలు దానిని దారి మళ్లిస్తాయి. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకు దీని ఉత్పత్తి బాధ్యత అప్పగించారు. 2020 జూన్‌లో నౌకాదళం దీనిని స్వీకరించింది.

అయినప్పటికీ ఎరలకు పరిమితులున్నాయి. నౌక వెనుక ఏర్పడే నురుగుబాటను అనుసరించే టార్పెడోలను శబ్దంతో ఏమార్చడం కష్టం. తీగ ద్వారా జలాంతర్గామితో అనుసంధానమైన టార్పెడోను అక్కడి సిబ్బంది తిరిగి దారిలో పెట్టగలరు. సమయమూ స్వల్పమే. 45 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 83 కిలోమీటర్ల వేగంతో వచ్చే టార్పెడోకు అయిదు కిలోమీటర్లు దాటడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టదు. ముప్పును ముందుగా వినగలిగితేనే ఎర అక్కరకు వస్తుంది.