నీట్ రికార్డ్స్ : ఒక చిన్న సంస్థ ఉత్థాన పతనాలు

'హెవీ మెటల్' అనగానే హజీరా పరిసరాలలో పనిచేసే మనకు దళసరి ఉక్కు పలకలు, ప్రెషర్ వెస్సెల్స్, వెల్డింగు మెరుపులు స్ఫురిస్తాయి. మన టౌన్‌షిప్ యువతరానికి మాత్రం అది ఒక సంగీతం పేరు. ఎలక్ట్రిక్ గిటార్ల గర్జన, డ్రమ్ముల హోరు దాని లక్షణాలు. ఆ సంగీతాన్ని మెచ్చుకొనవలసినదిగా పెద్దలను కోరడం మా ఉద్దేశం కాదు. దాని వెనుక ఉన్న ఒక చిన్న పరిశ్రమ చరిత్ర సూరత్‌వాసులమైన మనకు ఆలోచింపదగినదిగా తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇంగ్లండు ఈశాన్య భాగాన, టైన్ నది ఒడ్డున వాల్‌సెండ్ అనే పట్టణమున్నది. ఓడల నిర్మాణానికి అది పేరెన్నిక గన్నది. 1906లో జలప్రవేశం చేసిన మారిటేనియా అనే మహానౌక అక్కడ తయారైనదే. అక్కడి స్వాన్ హంటర్ నౌకా కర్మాగారాన్ని 1977లో ప్రభుత్వం జాతీయం చేసింది. అనగా ఆ ఊరి కార్మికులు సైతం కొంతకాలం మనవలె ప్రభుత్వరంగ ఉద్యోగులే. ఆ పట్టణంలో ఇంపల్స్ అనే రికార్డింగు స్టూడియో యజమాని డేవిడ్ వుడ్ 1979లో నీట్ రికార్డ్స్ సంస్థను స్థాపించాడు.

రికార్డు తయారీ కూడా లోహంతో కూడిన పనే. టేపుపై ముద్రించిన పాటను లక్క పూసిన పళ్ళెంపై గాడిగా చెక్కుతారు. దానిపై విద్యుత్ పూత ద్వారా నికెల్ అచ్చు తీస్తారు. ఆ అచ్చుతో వినైల్ రికార్డులు ఒత్తుతారు. పాట అమ్ముడుపోయినా, పోకున్నా ఈ వ్యయమంతా ముందే భరించవలసినది సంస్థ. పేరులేని కుర్రవాళ్ళ కోసం అంతటి సాహసానికి పెద్ద కంపెనీలు సామాన్యంగా ముందుకు రావు.

నీట్ ముందుకు వచ్చింది. 1980లో టైగర్స్ ఆఫ్ పాన్ టాంగ్, 1981లో రేవెన్, వెనమ్ బృందాల రికార్డులు వెలువడ్డాయి. వెనమ్ గాయకుడు క్రోనోస్ ఇంపల్స్ స్టూడియోలోనే పనిచేసిన యువకుడు. వారి 1982 నాటి 'బ్లాక్ మెటల్' అనే ఆల్బమ్ పేరు తరువాత ఒక సంగీత శాఖకే పేరైంది. 1983లో రేవెన్ అమెరికాలో పర్యటించినప్పుడు, నేడు జగత్ప్రసిద్ధమైన మెటాలికా బృందం వారికంటే ముందు వేదికనెక్కే చిన్న బృందం మాత్రమే.

అయితే పేరు వచ్చినవారు నిలువలేదు. టైగర్స్ ఆ 1980లోనే ఎం.సి.ఏ. సంస్థకు తరలిపోయారు. 1985 నాటికి రేవెన్ అట్లాంటిక్ సంస్థకు చేరింది. 1987 నాటికి వెనమ్ కూడా విడిపోయింది. దేశదేశాల పంపిణీ, ప్రచారం, పెట్టుబడి పెద్దల చేతిలోనివి. 1990ల మధ్యకాలంలో నీట్ శాంక్చువరీ సంస్థకు అమ్ముడుపోయింది. శాంక్చువరీని 2007లో యూనివర్సల్, 2013లో బి.ఎం.జి. కొనుగోలు చేశాయి. అదే 2007లో స్వాన్ హంటర్ క్రేన్లను మన దేశపు భారతి షిప్‌యార్డ్ సంస్థ కొన్నది. ఒక ఊరి ఓడల క్రేన్లు, పాటల టేపులు రెండూ ఒకే సంవత్సరం చేతులు మారడం విధి వైచిత్రి!

సూరత్ మరమగ్గాల సంగతి మనకు తెలిసినదే. లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. జాబ్‌వర్క్‌లో నూలు వర్తకునిది, నేత వీరిది, బట్టపై ముద్ర మరొకరిది. పాటలోనైనా, బట్టలోనైనా పని చేసినవాని పేరు కంటే సరుకుపై హక్కు గలవాని పేరే చివరకు నిలుస్తున్నది.

అట్లని నీట్ కృషి వృథా అనలేము. తమ ఊరి పిల్లలను ఒక నది ఒడ్డు నుండి ప్రపంచానికి వినిపింపజేసినది ఆ చిన్న స్టూడియోయే. మన సంస్థకు వాల్వులు, గాస్కెట్లు సరఫరా చేసే అనుబంధ పరిశ్రమలు కూడా ఇటువంటివే. కొత్త వస్తువుకు మొదటి నమూనా చేసి నష్టానికి ఓర్చేది వారు. అది కుదిరిన పిదప భారీ ఆర్డరు పెద్ద కంపెనీకి పోతుంది. టెండరు కాగితంపై సంతకం చేసే ముందు ఆ మొదటి నమూనా ఎవరు చేశారో ఒక్కసారి విచారించుట మన కనీస ధర్మం.