స్కాలర్‌షిప్ ఫైలు ఎక్కడ ఆగుతది?

సుల్తానాబాద్‌లో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ నేను చూస్తాను. మా పిల్లల తండ్రుల్లో చాలామంది రైస్ మిల్లుల్లో హమాలీలు. తల్లులు బీడీలు చేస్తారు, పత్తి ఏరబోతారు. డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో సీటు వచ్చిందనగానే ఆ ఇళ్ల నుంచి వచ్చే మొదటి ప్రశ్న, "ఫీజు గవర్నమెంటే కడ్తదా సార్?" అని. కడ్తది. అయితే ఆ ఫైలు చాలా చేతులు మారాలి. అది ఎక్కడ ఆగుతదో ముందే తెలిస్తే సగం ఆలస్యం ఇంటి దగ్గరే తప్పించుకోవచ్చు.

వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇప్పుడు తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్ ద్వారా నడుస్తోంది. ఇందులో ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే పిల్లల పైఖర్చులకు ఇచ్చేది. దరఖాస్తు ఒక్కటే. కానీ ఏటా రెన్యువల్ చేసుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి.

మొదట ఆదాయం సర్టిఫికెట్. బీసీ, ఈబీసీ పిల్లలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు పరిమితి. అంటే గర్రెపల్లిలో ఉండే ఇంటికి ఒక లెక్క, సుల్తానాబాద్ మున్సిపాలిటీలో ఉండే ఇంటికి ఇంకో లెక్క. మీసేవలో అర్జీ పెట్టినా గిర్దావర్ విచారణ, తహసీల్దార్ సంతకం అయ్యేదాకా కాగితం చేతికి రాదు. అడ్మిషన్లప్పుడు అందరూ ఒక్కసారే పోతారు కాబట్టి ఇంటర్ ఫలితాలు రాగానే పెట్టుకోవడం మేలు.

నా బల్ల మీద ఎక్కువ ఫైళ్లు ఆగేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో స్రవంతి, ఆధార్‌లో శ్రావంతి. పిలిచేవాళ్లకు తేడా లేదు, కంప్యూటర్‌కు వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. మెమో మార్చడం పెద్ద పని, కాబట్టి ఆధార్‌నే మెమో ప్రకారం దిద్దించుకోవాలి. పుట్టిన తేదీ కూడా అంతే. తర్వాత ఆగేది మీసేవలో వేలిముద్ర దగ్గర. పదిహేనేళ్లు నిండగానే ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలని నిబంధన ఉంది. చిన్నప్పుడు ఇచ్చిన ముద్రలతోనే నెట్టుకొస్తున్న పిల్లలకు మిషన్ మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా పడదు. అది వేలి తప్పు కాదు బిడ్డా, అప్‌డేట్ లేకపోవడం అని చెప్పి ఆధార్ సెంటర్‌కు పంపుతుంటాను.

బ్యాంకు ఖాతా సంగతి మరీ ముఖ్యం. 2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ తీసుకున్న నిర్ణయంతో ఎస్సీ పిల్లల స్కాలర్‌షిప్‌లో 60 శాతం కేంద్రం భరిస్తోంది, ఆ వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోకే వెళ్తుంది. ఏ ఖాతాలోకి? ఆధార్ చివరగా ఏ బ్యాంకుతో సీడింగ్ అయిందో, అంటే ముడిపడిందో, అందులోకి. "బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చిన సార్" అంటారు. జిరాక్స్ ఇస్తే సీడింగ్ అయినట్టు కాదు. సిమ్ కొన్నప్పుడు షాపువాడు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో పైసలు పడి, ఆ సంగతే తెలియక మా ఆఫీసు చుట్టూ తిరిగే పిల్లలున్నారు. ఆధార్ వెబ్‌సైట్‌లో సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో కనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో పెట్టాక ప్రింటు తీసి, సర్టిఫికెట్లు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకుంటే ఫైలు అక్కడే నిలుస్తుంది. ప్రిన్సిపాల్ ధ్రువీకరించాక జిల్లా సంక్షేమ అధికారికి, అక్కడ మంజూరయ్యాక ట్రెజరీకి పోతుంది.

ట్రెజరీకి పోయాక విద్యార్థి చేయగలిగింది ఏమీ లేదు. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. బిల్లులు రాకుంటే అధ్యాపకుల జీతాలు ఆగుతాయి, ఆ కష్టం నాకూ తెలుసు. అయినా సర్కారు బాకీకి పిల్లల టీసీ, మెమోలు ఆపడం అన్యాయమని ఈ కుర్చీలో కూర్చునే అంటాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఆపితే ఈపాస్ స్టేటస్ ప్రింటు జతచేసి, ఎస్సీలైతే ఎస్సీ అభివృద్ధి శాఖకు, బీసీలైతే బీసీ సంక్షేమ శాఖకు కాగితం రాసివ్వండి. అక్కడ కదలకుంటే సోమవారం పెద్దపల్లి కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అర్జీ ఇచ్చి రశీదు తప్పక తీసుకోండి.