బుల్‌డాగు గురక

పుంగనూరులో మా మిత్రుని యింట ఒక సంకరజాతి కుక్క ఉన్నది. తండ్రి బుల్‌డాగు, తల్లి లాబ్రడారు. పిల్లలు చెవులు పట్టి లాగినా అది ఏమీ అనదు. రాత్రిళ్ళు అది పెట్టే గురక విని, "అచ్చం మా తాతయ్యే!" అని ఇంటిల్లిపాదీ నవ్వుకొంటారు. నిజానికి అది నవ్వవలసిన సంగతి కాదు.

బుల్‌డాగును మొదట ఇంగ్లండులో ఎద్దుల మీదికి ఉసికొల్పే క్రూర వినోదం కోసం పెంచారు. 1835లో అక్కడి పార్లమెంటు ఆ వినోదాన్ని నిషేధించినది. అటు తరువాత పెంపకందార్లు సాధుస్వభావం గల కుక్కలనే ఎన్నుకొని జతకట్టించారు. కొన్ని తరాలకు కోపం పోయినది, మొండితనం కొంత మిగిలినది. అయితే స్వభావంతోపాటు పొట్టి మూతిని కూడా వారు ఏరి ఏరి పెంచారు. చిక్కంతా అక్కడ వచ్చినది. ముఖపుటెముక కురుచయినది గాని, దాని లోపలి మెత్తని అంగిలి, నాలుక ఆ మేరకు తగ్గలేదు. చిన్న పెట్టెలో పెద్ద బొంతను కుక్కినట్లు అవి గాలి వెళ్ళే దారికి అడ్డుపడుతున్నవి. గురక ఆ అడ్డంకి చేసే చప్పుడే. (మన పుంగనూరు ఆవూ పొట్టిదే. కాని అది ఈ ఎండలకు, ఈ మెట్టనేలల మేతకు తట్టుకొన్న జాతి.)

మనకు ఒళ్ళంతా చెమట పోస్తుంది. కుక్కకు చెప్పుకోదగిన చెమట అరికాళ్ళలోనే. అందుచేత అది నాలుక చాపి రొప్పుతుంది. నోటిలోని తడి ఆవిరై పోతూ ఒంటి వేడిని తీసుకొనిపోతుంది. దారి ఇరుకైతే రొప్పడానికే కండరాలు ఎక్కువ శ్రమపడి కొత్త వేడిని పుట్టిస్తవి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 సెంటీగ్రేడు డిగ్రీలు. 41 దాటితే ప్రాణాపాయము. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ఊరని పేరే గాని, ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఇటువంటి కుక్కకు చల్లనివి కావు. పుంగనూరు నుంచి కుప్పం పోతూ దారిలో కారు ఆపి, అద్దాలు మూసి, కుక్కను లోపల వదిలితే కొద్ది నిమిషాలే చాలు.

సంకరంలో ఒకే ఈతలో పుట్టిన పిల్లలకైనా మూతులు ఒక్క తీరుగా ఉండవు. కొనేముందు టేపుతో కొలవండి. ముక్కు కొన నుంచి కళ్ళ నడిమి పల్లం వరకు ఒక కొలత, ఆ పల్లం నుంచి తల వెనుక ఎముక బొడిపె దాకా మరొకటి. మొదటిది రెండవదానిలో సగానికి తగ్గితే శ్వాసబాధ వచ్చే అవకాశం ఎక్కువ.

ఏటేటా రేబిస్ టీకా ఎలాగూ వేయించవలసినదే. ముఖపు ముడుతలను తుడిచి పొడిగా ఉంచాలి. మెడపట్టీ గాలిగొట్టాన్ని నొక్కుతుంది గనుక ఎదకు తగిలించే పట్టీ మేలు. ఒళ్ళు పెరగనీయరాదు, క్రొవ్వు గొంతులోనూ చేరుతుంది. షికారు ప్రొద్దు పొడవకముందే. కుక్క విపరీతంగా రొప్పుతూ తూలిపడితే, వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీళ్ళు పోసి, విసరుతూ, ఆ తరువాతనే పశువైద్యశాలకు తీసుకొనిపోవాలి. తడిగుడ్డ కప్పి ఉంచితే ఆవిరి లోపలే చిక్కి వేడి నిలుస్తుంది.

మా మిత్రుడు టేపు తెచ్చి కొలిచాడు. సగానికి కొంచెం తక్కువే వచ్చినది. ఇరుకైన ముక్కురంధ్రాలను, పొడుగైన అంగిలిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చునని చెప్పాను. ఈ ఆదివారం కుక్కను వైద్యునికి చూపించబోతున్నాడు.