తల్లెవరో తేలితేనే కేసు నిలిచేది

2022 నవంబరులో కంబోడియా అటవీశాఖ అధికారి ఒకాయన పనామా బయల్దేరాడు. అక్కడ సైటిస్ సదస్సు. వన్యప్రాణుల వ్యాపారానికి కళ్లెం వేసే అంతర్జాతీయ ఒప్పందం మీద దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకునే చోటు. దారిలో న్యూయార్క్ విమానాశ్రయంలో అమెరికా అధికారులు ఆయన్ని అరెస్టు చేశారు. అడవిలో పట్టిన కోతులకు ‘ఫారంలో పుట్టినవి’ అని దొంగ కాగితాలు పుట్టించి, అమెరికా ప్రయోగశాలలకు పంపించారని మొత్తం ఎనిమిది మంది మీద అభియోగం. 2024 మార్చిలో మయామీలో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అని వదిలేసింది.

ఆయన సంగతి అలా ముగిసింది కానీ, ఆ కేసు లేవనెత్తిన ప్రశ్న అలాగే ఉంది. అందులో కోతిది ఏ జాతి అన్న పేచీయే లేదు. పొడవు తోక మకాక్ అని అందరూ ఒప్పుకుంటారు. బోనులో పుట్టినా అదే కోతి, కొమ్మ మీద పుట్టినా అదే కోతి. తేడా అంతా సైటిస్ పర్మిట్ మీద రాసే ఒక్క అక్షరంలో ఉంది. ‘డబ్ల్యూ’ అంటే అడవిది, ‘సి’ అంటే బోనులో పెంచినది. ఆ ఒక్క అక్షరం మారితే దొంగ సరుకు దొర సరుకైపోతుంది. జంతువు పేరు చెప్పే డీఎన్‌ఏ పరీక్ష ఎంత నాణ్యమైనదైనా ఇక్కడ దానికి పని లేదు.

ఆ పరీక్ష ఒక కొలిక్కి వచ్చిన ఊళ్లలో మన హైదరాబాదూ ఒకటి. అటవీ కేసుల్లో దొరికేది నిండు జంతువు కాదు. ఉడికిన ముక్కలు, ఎండిన తోలు, నాలుగు గోళ్లు, తైలం సీసాలో నలకలు. ‘మేక మాంసం సార్’ అంటాడు ముద్దాయి. రేంజ్ ఆఫీసరుకు నిజం తెలిసినా కోర్టుకు ఆయన అనుభవం చాలదు. సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఇద్దరూ ఈ చిక్కు మీద పనిచేసి, 2003లో తమ పద్ధతిని ప్రకటించారు. కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ బి అనే జన్యువు ఉంటుంది. అందులో 472 అక్షరాల ముక్కను, జంతువు ఏదైనా సరే, ఒకే జత ప్రైమర్లతో పట్టి పీసీఆర్‌లో పెంచుకోవచ్చు. అప్పటి చాలా పద్ధతుల్లో ‘ఇది చిరుతపులిదా?’ అని ముందే అనుమానించి, ఆ జంతువు కోసమే పరీక్ష పెట్టాల్సి వచ్చేది. వీళ్ల పద్ధతిలో అనుమానం అక్కర్లేదు. వచ్చిన అక్షరాలను డేటాబేస్‌లో సరిపోల్చి చూస్తే జాతి బయటపడుతుంది. కణానికి కేంద్రకంలోని డీఎన్‌ఏ రెండే ప్రతులు ఉంటే, మైటోకాండ్రియాది వందలూ వేలూ ఉంటుంది. వండినా, కుళ్లినా, ఎండినా ఎక్కడో ఒక ప్రతి మిగిలే ఉంటుంది. ఈ విద్యే తర్వాత అత్తాపూర్‌లోని సీసీఎంబీ వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్‌కు చేరింది. ఎక్కడెక్కడి అటవీశాఖలో అక్కడికి సీలు వేసిన పొట్లాలు పంపుతుంటాయి.

అయితే మైటోకాండ్రియాకు ఒక పక్షపాతం ఉంది. అది తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఊసు ఎత్తదు. వానరాల విషయంలో ఇది చిన్న లోపం కాదు. కొండముచ్చుల మీద ప్రవీణ్ కరంత్, లాల్జీ సింగ్ తదితరులు 2008లో ప్రచురించిన పరిశోధన చూడండి. నీలగిరి కొండముచ్చును చాలాకాలం ఆగ్నేయాసియా ఆకుకోతుల గుంపులో లెక్కవేశారు. డీఎన్‌ఏ చూస్తే అది మన ఊళ్లలో తిరిగే హనుమాన్ కొండముచ్చుకే దగ్గరి చుట్టం. అక్కడితో బాగానే ఉంది. అస్సాం, భూటాన్‌ల గోల్డెన్ లంగూర్ దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. మైటోకాండ్రియా దాన్ని హనుమాన్ కొండముచ్చుల వైపు చూపింది. కేంద్రకంలోని జన్యువులు ఆకుకోతుల వైపు చూపాయి. ఎప్పుడో రెండు వంశాల మధ్య జరిగిన సంకరానికి ఇది గుర్తు కావచ్చని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. రిపోర్టులో ఒక్క జన్యువునే నమ్ముకుంటే, గట్టి డిఫెన్స్ లాయరు పట్టుకునేది సరిగ్గా ఇక్కడే. పట్టుకోవాలి కూడా.

డేటాబేస్ ఎంత గట్టిదైతే జవాబు అంత గట్టిది. స్లో లోరిస్‌లనే తీసుకోండి. మన శేషాచలం, శ్రీహరికోట వైపు కనబడే దేవాంగపిల్లికి అవి ఆగ్నేయాసియా బంధువులు. ఒకప్పుడు వాటిలో రెండు మూడు జాతులే ఉన్నాయనుకునేవారు. ఇప్పుడు ఆ లెక్క అంతకు రెండింతలు దాటింది. 2007లో సైటిస్ వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించినా, పెంపుడు జంతువుల బజారులో అమ్మకం ఆగలేదు. కరవకుండా పళ్లు కత్తిరించి మరీ అమ్ముతారు. పట్టుబడ్డ లోరిస్ జావాదో బోర్నియోదో తేలకపోతే దాన్ని ఏ అడవిలో వదలాలి? తప్పు దీవిలో వదిలితే అక్కడి జాతికీ చేటే.

ఏ అడవిదో చెప్పగలిగితే దొంగల దారి కూడా తెలుస్తుంది. కామెరూన్‌లోని లింబే సంరక్షణ కేంద్రంలో పెరుగుతున్న అనాథ చింపాంజీల డీఎన్‌ఏను, అడవుల్లో సేకరించిన నమూనాలతో పోల్చిన అధ్యయనం 2010లో వచ్చింది. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం ఆ దేశపు అడవులవే, అదీ ఏదో ఒక మూల నుంచి కాదు. సరిహద్దు మీద మాత్రమే నిఘా పెట్టి ఊరుకుంటే కుదరదని తేలింది.

ఇక మళ్లీ మకాక్ దగ్గరికి. 2020లో కరోనాతో పాటే చైనా వన్యప్రాణుల ఎగుమతి ఆపేసింది. అదే సమయంలో టీకాల కోసం, మందుల కోసం ప్రయోగశాలలకు కోతులు కావాలి. ధరలు చుక్కలనంటాయి, కంబోడియా ఫారాలకు గిరాకీ పెరిగింది. 2022లో ఐయూసీఎన్ పొడవు తోక మకాక్‌ను అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. ఇక్కడ పనికొచ్చేది తల్లిదండ్రుల పరీక్ష. పితృత్వ కేసుల్లో మనుషులకు చేసేదే. డీఎన్‌ఏలో ఎంచుకున్న ప్రతి చోటా పిల్లకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఫారం చూపించిన ఆడా మగా జంటతో అది కుదరకపోతే కాగితం అబద్ధం.

వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. తల్లిదండ్రుల రక్తం ఎవరి దగ్గరుంది? ఫారం వాళ్ల దగ్గరే. ‘తల్లి చచ్చిపోయింది’ అంటే మాట్లాడటానికి లేదు. అడవి నుంచి తెచ్చిన జంటకు బోనులో పుట్టిన పిల్లకు సైటిస్‌లో ‘ఎఫ్’ అని వేరే అక్షరం కూడా ఉంది. కాబట్టి పిల్ల ఒంట్లో అడవి జన్యువులు కనబడినంత మాత్రాన దొంగతనం రుజువైనట్టు కాదు. కొద్దిపాటి మగవాటితోనే పెంచుతున్నామనే ఫారంలో వందల పిల్లలు పుడితే, వాటి మధ్య అన్నాచెల్లెళ్ల వరస బోలెడు కనబడాలి. అవన్నీ ఒకదానికొకటి పరాయివే అయితే అనుమానం బలపడుతుంది. అదీ అనుమానమే.

మన దేశానికి ఈ గొడవతో పాత లెక్కే ఉంది. పోలియో టీకా రోజుల నుంచి రీసస్ కోతులను విదేశాలకు పంపి పంపి, చివరికి 1978లో ఎగుమతి నిషేధించాం. ఇప్పుడు గాలి ఇటు తిరిగింది. విదేశీ వానరాలు మన ఇళ్లకు వస్తున్నాయి. కోల్‌కతాలో ఒక వ్యాపారి నుంచి స్వాధీనం చేసుకున్న మూడు చింపాంజీలను, నాలుగు మార్మోసెట్లను 2019లో ఈడీ మనీలాండరింగ్ చట్టం కింద జప్తు చేసింది. చింపాంజీకి పాతిక లక్షలు, మార్మోసెట్‌కు లక్షన్నర చొప్పున వెల కట్టి, ‘ఆస్తి’ మొత్తం 81 లక్షలని తేల్చింది. అప్పటికి మన వన్యప్రాణి చట్టానికి విదేశీ జంతువులు పట్టేవి కావు మరి.

2022 సవరణతో సైటిస్ జాబితా మన చట్టంలోకి వచ్చింది. 2024 నిబంధనల ప్రకారం అలాంటి జంతువులను ఇంట్లో పెట్టుకున్నవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్ల పుట్టినా చెప్పాలి. చెప్పింది నిజమో కాదో తేల్చాలంటే నమోదు రోజునే తల్లిదండ్రుల వెంట్రుకలో, రక్తపు చుక్కో తీసి ప్రభుత్వం తన దగ్గర దాచుకోవాలని నా అభిప్రాయం. కేసయ్యాక ఫారం యజమానిని అడుక్కుంటే ‘తల్లి చచ్చిపోయింది’ అన్న జవాబే రావచ్చు. ఖర్చంటారా, చింపాంజీ పాతిక లక్షలు పలికే బజారులో పరీక్ష ఫీజు పెంచుకునేవాడి చేతే కట్టించవచ్చు.