అద్దె వ్యాన్‌తో ఫెర్రీ ఎక్కి సామాన్లు తెచ్చుకోవాలా? టికెట్ కంటే ముందు చూసుకోవాల్సినవి ఇవీ

మర్కూక్ నుంచి గజ్వేల్‌కు ఇల్లు మారడం పెద్ద పనేం కాదు. ఓ డీసీఎంనో, ట్రాలీ ఆటోనో కిరాయికి మాట్లాడుకుంటే సాయంత్రానికల్లా సామాన్లు కొత్త ఇంట్లో ఉంటాయి. బండి కాగితాల సంగతి డ్రైవరే చూసుకుంటాడు. ఇప్పుడు అదే ఊరి అబ్బాయి ఒకరు ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో రెండేళ్లు ఉండి, ఎంఎస్ పూర్తి చేసి, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఉద్యోగంలో చేరాడనుకుందాం. పరుపు, టేబుల్, మానిటర్లు, కుక్కర్లు, పుస్తకాల పెట్టెలు డబ్లిన్‌లో స్నేహితుడి గదిలోనే ఉండిపోయాయి. మాంచెస్టర్‌లో వ్యాన్ అద్దెకు తీసుకుని, ఫెర్రీ మీద సముద్రం దాటి, ఓ శని, ఆదివారాల్లో వెళ్లి తెచ్చుకుందామని ఫోన్‌లో అమ్మానాన్నలకు చెప్పాడు. కుదురుతుందా?

కుదురుతుంది. బ్రిటన్, ఐర్లాండ్ మధ్య కార్లు, వ్యాన్లు, లారీలు ఎక్కించుకునే ఫెర్రీలు రోజూ తిరుగుతాయి. మనకు ఇది కొత్తగా అనిపించడం సహజమే. మన దేశం నుంచి శ్రీలంకకు 2023 అక్టోబర్‌లో మొదలైన నాగపట్నం - కంకేశంతురై ఫెర్రీలో మనుషులు మాత్రమే వెళ్లగలరు, వాహనాలు ఎక్కించరు. అక్కడ మాత్రం వేల్స్‌లోని హోలీహెడ్ రేవులో బండితో సహా ఓడెక్కితే సుమారు మూడుంపావు గంటల్లో డబ్లిన్‌లో దిగొచ్చు. స్టెనా లైన్, ఐరిష్ ఫెర్రీస్ సంస్థలు ఈ మార్గంలో ఓడలు నడుపుతున్నాయి.

బండి, ఓడ దొరకడం తేలికే. ప్రయాణం చెడిపోయేది కాగితాల దగ్గర. వాటిలోనూ అన్నిటికంటే ఖరీదైన పొరపాటు వీసా విషయంలో జరుగుతుంది.

‘వాళ్లకు అక్కర్లేదు కాబట్టి మనకూ అక్కర్లేదు’ అనుకుంటే..

బ్రిటన్, ఐర్లాండ్ మధ్య ‘కామన్ ట్రావెల్ ఏరియా’ అనే ఏర్పాటు 1920ల నుంచి ఉంది. ఈ రెండు దేశాల పౌరులు ఒక దేశం నుంచి మరో దేశానికి వీసా లేకుండా వెళ్లొచ్చు, ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఆఫీసులో పక్క సీట్లోని బ్రిటిష్ సహోద్యోగి శుక్రవారం సాయంత్రం డబ్లిన్ వెళ్లి ఆదివారం వచ్చేస్తాడు. అది చూసి మనవాళ్లూ అలాగే వెళ్లొచ్చనుకుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఈ సౌకర్యం వర్తించదు. బ్రిటన్‌లో ఉండటానికి ఇచ్చిన స్టూడెంట్ వీసా గానీ, వర్క్ వీసా గానీ ఐర్లాండ్‌లో అడుగుపెట్టే హక్కు ఇవ్వదు. ఐర్లాండ్‌లో ఉంటూ బ్రిటన్ వెళ్లాలన్నా అంతే.

‘బ్రిటిష్ - ఐరిష్ వీసా స్కీం’ ఒకటి ఉంది కదా అని కొందరు అడుగుతారు. భారత్, చైనా పౌరుల కోసం 2014లో వచ్చిన ఆ పథకం కొన్ని రకాల స్వల్పకాలిక విజిట్ వీసాలకే పరిమితం. వీసా మీద ఆ పథకం పేరు ముద్రించి ఉండాలి. ఉద్యోగం, చదువు కోసం బ్రిటన్‌లో ఉంటున్నవారి చేతిలో ఉండేది ఆ వీసా కాదు.

మన ఉదాహరణలోని అబ్బాయికి ఓ వెసులుబాటు ఉండొచ్చు. ఐర్లాండ్‌లో చదివే రోజుల్లో ఇచ్చిన నివాస కార్డు, అంటే ఐఆర్‌పీ, గడువు ఇంకా ఉంటే దాన్ని చూపించి మళ్లీ ఐర్లాండ్‌లోకి వెళ్లొచ్చు. పెద్దవారికి విడిగా రీ-ఎంట్రీ వీసా తీసుకోవాల్సిన అవసరాన్ని ఆ దేశం 2019 మే నుంచి తీసేసింది. కార్డు గడువు తీరిపోతే మాత్రం మామూలు సందర్శకుడిలాగే స్వల్పకాలిక వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. రుసుము ఒకసారి వెళ్లి రావడానికి 60 యూరోలు, పలుమార్లు వెళ్లడానికి 100 యూరోలు. డబ్బు సంగతి అటుంచితే, అది చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఉద్యోగం మారుతున్న హడావుడిలో ‘సామాన్లు తర్వాత చూద్దాంలే’ అని వదిలేసేవారు ఐఆర్‌పీ గడువు తేదీని ఒకసారి చూసుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి.

బెల్‌ఫాస్ట్ మీదుగా వెళ్తే ఎవరూ చూడరన్న సలహా కూడా వినిపిస్తుంటుంది. స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌ర్యాన్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు ఫెర్రీ ఉన్న మాట నిజమే. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగమే కాబట్టి అక్కడిదాకా వీసా సమస్య లేదు. అక్కడి నుంచి డబ్లిన్ వైపు రోడ్డు మీద చెక్‌పోస్టు కనిపించకపోవడమూ నిజమే. అయినా ఆ కనిపించని గీత దాటగానే మీరు వేరే దేశంలో ఉంటారు. సరిహద్దు దాటే బస్సుల్లో, రైళ్లలో ఐర్లాండ్ పోలీసులు అప్పుడప్పుడు తనిఖీలు చేస్తుంటారు. వీసా లేకుండా దొరికిన రికార్డు తర్వాత చేసే ప్రతి దరఖాస్తులోనూ చెప్పుకోవాల్సి వస్తుంది. అప్పు చేసి పంపిన చదువును, కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగాన్ని ఓ పరుపు కోసం పణంగా పెట్టడం మంచిది కాదు.

లైసెన్స్ మర్కూక్‌లోనే ఉండిపోయిందా?

మన లైసెన్స్‌తో ఇంగ్లండ్‌లో బండి నడపొచ్చు. అయితే అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలల వరకే. అదీ 3.5 టన్నుల లోపు బండ్లకే. మామూలుగా అద్దెకిచ్చే వ్యాన్లు ఈ పరిమితిలోనే ఉంటాయి. ఏడాది దాటితే అక్కడి ప్రొవిజనల్ లైసెన్స్ తీసుకుని, పరీక్ష పాసవ్వాలి. భారత లైసెన్స్‌ను నేరుగా అక్కడి లైసెన్స్‌గా మార్చి ఇవ్వరు. ఐర్లాండ్‌లో ఉన్నప్పుడే పరీక్ష పాసై అక్కడి లైసెన్స్ తీసుకున్నవారికి మాత్రం ఈ చిక్కు లేదు, అది బ్రిటన్‌లోనూ చెల్లుతుంది.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అద్దె సంస్థ ఒప్పుకోవాలని లేదు. వ్యాన్‌కు కనీస వయసు, లైసెన్స్ వచ్చి ఎన్నాళ్లయింది అనే షరతులు సంస్థను బట్టి మారతాయి. బ్రిటిష్ లైసెన్స్ ఉన్నవారిని ‘చెక్ కోడ్’ అడుగుతారు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తీసుకునే ఆ కోడ్ 21 రోజులే పనిచేస్తుంది. విదేశీ లైసెన్స్ ఉన్నవారిని అసలు కార్డు చూపించమంటారు. ఇక్కడ ట్రాఫిక్ పోలీసుకు చూపించే డిజీలాకర్ కాపీని అక్కడి కౌంటర్‌లో నమ్ముకోవద్దు. కార్డు ఇంట్లో బీరువాలో ఉండిపోతే కొరియర్‌లో పంపడం ఈ మొత్తం వ్యవహారంలో తల్లిదండ్రులు చేయగల పెద్ద సాయం.

కొన్ని సంస్థలు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా అడుగుతాయి. మన లైసెన్స్ ఆధారంగా రవాణా శాఖ ఇచ్చే ఈ పర్మిట్ ఏడాదికి మించి చెల్లదు. మర్కూక్ వాసులకైతే సిద్దిపేట జిల్లా రవాణా శాఖ పరిధిలోకి వస్తుంది. విమానం ఎక్కకముందే తీసుకుంటే సులువు. విదేశంలో ఉండగా గడువు తీరిపోయినవారు భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకునే వీలును కేంద్రం 2021 జనవరిలో కల్పించింది.

బండి మీది కాదని చెప్పే కాగితం

సొంత కారుతో సరిహద్దు దాటేవారి దగ్గర దాని రిజిస్ట్రేషన్ పత్రం ఉంటుంది. అద్దె వ్యాన్ పత్రం అద్దె సంస్థ దగ్గరే ఉంటుంది, మీకివ్వరు. దాని బదులు ‘వీఈ103’ అనే ధ్రువపత్రం ఇస్తారు. ఈ బండిని ఫలానా వ్యక్తి అద్దెకు తీసుకున్నాడు, దేశం బయటకు తీసుకెళ్లడానికి అనుమతి ఉంది అని అందులో ఉంటుంది. ఇది అడిగితేనే వస్తుంది. బుకింగ్ చేసేటప్పుడే ‘ఐర్లాండ్ తీసుకెళ్తున్నాను’ అని చెప్పాలి. కొన్ని సంస్థలు వ్యాన్లను అసలు బయటకు పంపవు. పంపేవి అదనపు బీమా, బ్రేక్‌డౌన్ సాయం కోసం విడిగా రుసుము తీసుకుంటాయి.

చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుంది? ఏమీ జరగకపోతే ఏమీ కాదు. డబ్లిన్ సందులో ఎవరి కారునో గీరితే మాత్రం అద్దె ఒప్పందం ఉల్లంఘించినట్టే లెక్క, నష్టం మొత్తం మీ మీద పడే ప్రమాదం ఉంది. వ్యాన్‌లో ఉన్న మీ సామాన్లకు బండి బీమా సాధారణంగా వర్తించదన్నది కూడా గుర్తుంచుకోండి.

నడిపేవారందరి పేర్లూ ఒప్పందంలో ఉండాలి. అలసిపోయానని స్టీరింగ్ డబ్లిన్ స్నేహితుడి చేతికివ్వడం రెండు రకాలుగా తప్పు. అతని పేరు బీమాలో ఉండదు. పైగా ఐర్లాండ్‌లో నివసించేవారు విదేశీ నంబర్ బండి నడపడంపై ఆ దేశ పన్నుల శాఖ ఆంక్షలున్నాయి.

మీ పాత పరుపే అయినా కస్టమ్స్ అడుగుతుంది

బ్రెగ్జిట్ తర్వాత 2021 జనవరి 1 నుంచి హోలీహెడ్ - డబ్లిన్ మధ్య కస్టమ్స్ సరిహద్దు ఉంది. నివాసం మార్చుకుని బ్రిటన్ వచ్చేవారు వాడిన సామాన్లను పన్ను లేకుండా తెచ్చుకోవడానికి ‘ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్’ అనే మినహాయింపు ఉంది. దీనికి అక్కడి పన్నుల శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. అంతకుముందు వరుసగా కనీసం 12 నెలలు బ్రిటన్ వెలుపల ఉండి ఉండాలి. సామాన్లు కనీసం ఆరు నెలలు మీరు వాడినవై ఉండాలి. మకాం మారిన 12 నెలల్లోపు తెచ్చుకోవాలి. తెచ్చాక ఏడాదిపాటు వాటిని అమ్మకూడదు, ఎరువివ్వకూడదు. ఆమోదం వస్తే ఒక నంబర్ ఇస్తారు. ఆ నంబర్, సామాన్ల జాబితా దగ్గర పెట్టుకునే ఓడెక్కాలి. డబ్లిన్ నుంచి బయల్దేరే ముందు కొన్న కొత్త టీవీకి ఇది వర్తించదు.

ఇంకో మాట. ‘వ్యాన్‌లో చోటుంది, మీ పెట్టెలు కూడా తెస్తా, తలా కొంత ఇవ్వండి’ అని వాట్సాప్ గ్రూపులో పోస్టు పెట్టాలనిపిస్తుంది. డబ్బు తీసుకుంటే అది కిరాయి రవాణా అవుతుంది. మీ బీమా, మీ లైసెన్స్ దానికి సరిపోవు. పన్ను మినహాయింపు కూడా మీ సామాన్లకే కానీ స్నేహితుల పెట్టెలకు కాదు.

వెళ్లేటప్పుడు వ్యాన్ ఖాళీయే కదా అని స్నేహితుడికి నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి, పాలకోవా పట్టుకెళ్లకండి. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తీసుకెళ్లడం నిషేధం. ఐర్లాండ్ ఆ యూనియన్‌లో ఉంది. గాలికుంటు వ్యాధి భయంతో బ్రిటన్ కూడా 2025 ఏప్రిల్ 12 నుంచి అటువైపు నుంచి వచ్చే పశు, గొర్రె, మేక, పంది మాంసాన్ని, పాల పదార్థాలను ఆపేసింది. ఆవకాయకు ఈ గొడవ లేదు.

అసలు వ్యాన్ అవసరమా?

రెండు రోజుల అద్దె, బయటి దేశానికి అదనపు రుసుము, వ్యాన్‌కు రానూపోనూ ఫెర్రీ టికెట్, డీజిల్, అవసరమైతే వీసా.. ఇవన్నీ కాగితం మీద కూడి, అవే వస్తువులు మాంచెస్టర్‌లో సెకండ్‌హ్యాండ్‌లో ఎంతకొస్తాయో పక్కన రాసి చూడండి. చాలామందికి పరుపు, టేబుల్ వదిలేయడమే లాభం. మిగిలినవి రెండు మూడు సూట్‌కేసుల్లో పడితే రైలు, ఫెర్రీ కలిపి ఇచ్చే ‘సెయిల్‌రైల్’ టికెట్‌తో మామూలు ప్రయాణికుడిలా వెళ్లి రావొచ్చు. దానికైనా వీసా కావాల్సిందే. పార్శిల్ సంస్థకు అప్పగిస్తే మీరు ఐర్లాండ్ వెళ్లక్కర్లేదు, కస్టమ్స్ నంబర్ వాళ్లకిస్తే సరిపోతుంది. వీసా లేనివారికి ఇదే సరైన దారి.

వ్యానే కావాలనుకుంటే ఫెర్రీ బుకింగ్‌లో దాని ఎత్తు, పొడవు సరిగ్గా రాయండి. కారని రాసి ఎత్తు వ్యాన్‌తో వెళ్తే రేవులో తేడా డబ్బు కట్టించుకోవచ్చు, చోటు లేకపోతే తర్వాతి ఓడ దాకా ఆగాల్సి రావొచ్చు. చలికాలంలో అద్దె గడువుకు ఓ రోజు ఎక్కువే పెట్టుకోండి. 2024 డిసెంబర్‌లో డారా తుపాను దెబ్బకు హోలీహెడ్ రేవు మూతపడి, 2025 జనవరి మధ్యలో గానీ పాక్షికంగా తెరుచుకోలేదు.

డబ్లిన్‌లో దిగాక రెండు విషయాలు. అక్కడి వేగ పరిమితులు కిలోమీటర్లలో ఉంటాయి, మీ వ్యాన్ మీటర్ మైళ్లలో చూపిస్తుంది. నగరం చుట్టూ ఉన్న ఎం50 రోడ్డు మీద టోల్ గేటు ఉండదు, కెమెరా నంబర్ ప్లేట్‌ను ఫొటో తీస్తుంది. మరుసటి రోజు రాత్రి 8 గంటల్లోపు ఆన్‌లైన్‌లో కట్టేయాలి. మర్చిపోతే జరిమానా నోటీసు అద్దె సంస్థకు వెళ్తుంది, వాళ్లు తమ ఖర్చులు కూడా కలిపి మీ కార్డు మీద వేస్తారు.